రెండు చదువులు, ఒక సాక్ష్యం

లా చదువుతూనే సైకాలజీలో ఎం.ఏ. కూడా చేస్తున్న అని చెప్తే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "రెండెందుకు?" ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేదాన్ని. కాలేజీ వాళ్లకు, ఇప్పుడు రెండు డిగ్రీలు ఒకేసారి చేయనిస్తున్నరు కదా, ఎందుకు వదులుకోవాలె అని. చర్చిలో ఆంటీలకు, ఫ్యామిలీ కోర్టులో పనికొస్తది అని. నిజం చెప్పాలంటే లా మా డాడీ కోసం. సైకాలజీ, ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆదివారం లేకుండా చేసుకోవడానికి.

మేము ఎల్‌బీ నగర్ దాటినంక సాగర్ రోడ్డు పక్కన ఒక కాలనీలో కిరాయికి ఉంటం. మా డాడీ పెండ్లి కాకముందే నల్గొండ దిక్కు పల్లె నుంచి పట్నం వచ్చిండు. స్కూల్ బస్సు నడుపుతడు. మమ్మీ గల్లీ మొదట్లో కర్రీ పాయింట్ నడుపుతది. అన్న నాకంటే నాలుగేండ్లు పెద్ద. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు రిపేర్ చేసే దుకాణంలో పనిచేసేటోడు. నేను అక్కడికి దగ్గర్లోనే డిగ్రీ చదివేదాన్ని కాబట్టి, బస్ పాస్ ఉన్నా కూడా అన్న బండి మీదనే పోయేదాన్ని. దారి పొడుగునా అన్న సగం తల వెనక్కి తిప్పి కస్టమర్ల ముచ్చట్లు చెప్పేటోడు.

"ఫోన్ నీళ్లల్ల పడ్డదని ఒక్కడు గూడ చెప్పడే. అందరూ ఉత్తగనే ఆగిపోయింది అంటరు. విప్పి చూస్తే లోపల చెరువు."

"మరి నువ్వేమంటవ్?"

"నేనేమంట? ఉత్తగనే ఆగిపోయిందట అని రాస్కుంట."

డిగ్రీ చివరి సంవత్సరంలో, వానలు పడుతున్న రోజుల్లో, ఒక పొద్దున ఇట్లనే పోతుంటే సాగర్ రోడ్డు మీద ఒక యూటర్న్ దగ్గర వాటర్ ట్యాంకర్ మాకు తగిలింది. ట్యాంకర్ కుడికి తిరుగుతున్నది. మేము దానికి కుడిపక్క నుంచి ముందుకు పోతున్నం. నేను ఎగిరి డివైడర్ గడ్డి మీద పడ్డ. భుజం ఎముక విరిగింది. అన్న రోడ్డు మీద పడ్డడు. దవాఖానకు తీసుకపోయేలోపలే అయిపోయింది అని నాకు సాయంత్రం చెప్పిన్రు.

మట్టి చేసిన రోజు నన్ను చెయ్యి కట్టుతోనే సమాధుల దగ్గరికి తీసుకపోయిన్రు. పాస్టర్ గారు వాక్యం చదువుతున్నరు. మమ్మీని ఇద్దరు పట్టుకున్నరు. నాకు బాగా దాహమైంది. నీళ్లు ఎవరిని అడగాలె, ఇప్పుడు అడిగితే బాగుంటదా అని ఆలోచించుకుంట నిలబడ్డ. ఆ రోజు గురించి నాకు గట్టిగా గుర్తున్నది ఆ దాహమే.

ఆ తర్వాత కూడా ఏడుపు రాలేదు. మమ్మీ పోపు వేస్తూ ఏడ్చేది, కస్టమర్ వస్తే కండ్లు తుడుచుకొని పప్పు కట్టి ఇచ్చేది. డాడీ పిల్లలను దింపినంక ఖాళీ బస్సులో చానాసేపు కూర్చొని వస్తున్నడని ఆ స్కూల్ ఆయమ్మ మాకు చెప్పింది. నేను కడుపు నిండ తిన్న, కంటి నిండ నిద్రపోయిన. పరీక్షలు రాసిన, మంచి మార్కులే వచ్చినయి. అందరూ ధైర్యవంతురాలు అన్నరు. నాలో ఏదో ఉండాల్సింది లేదని నాకొక్కదానికే తెలుసు. చెయ్యి మీద పడుకొని లేచినప్పుడు మొద్దుబారి ఆ చెయ్యి మనది కానట్టు ఉంటది చూడు, ఒళ్లంతా అట్లనే ఉండేది.

ప్రమాదమైన మర్నాడే పోలీసులు దవాఖానకు వచ్చి నన్ను అడిగిన్రు. ట్యాంకర్ తిరిగింది, తగిలింది అని చెప్పిన. అంతకంటే ఏమన్న చెప్పిననో లేదో, నాకు ఇచ్చిన మందుల మత్తులో తెల్వదు. తర్వాత మా డాడీకి ఇచ్చిన కాపీలో మాత్రం, డ్రైవర్ ఇండికేటర్ వేయకుండా, అతివేగంగా, అజాగ్రత్తగా తిప్పినట్టు నేను చెప్పిన అని ఉంది. డాడీ ఆ మాటలను బంధువులందరికీ చదివి వినిపించిండు. ఎవరు పలకరించడానికి వచ్చినా నన్ను పిలిచేటోడు. "చెప్పు బిడ్డా, ఇండికేటర్ వేసిండా వాడు?" "వేయలేదు" అనేదాన్ని. అనీ అనీ అది నా కండ్ల ముందు కనబడుడు మొదలైంది. ట్యాంకర్ వెనుక భాగం, పగిలిన పసుపు లైటు, వెలుగు లేదు. అడిగితే బొమ్మ గీసి చూపించేంత స్పష్టంగా.

డిగ్రీ అయిపోయినంక నేను సైకాలజీలో పీజీ చేద్దామనుకున్న. డాడీ ఒకరోజు అన్నం దగ్గర కూర్చొని, "లా చదువు బిడ్డా" అన్నడు. "కోర్టుకు పోతే వాళ్లు ఏం మాట్లాడుతున్నరో నాకు సమజ్ అయితలేదు. వాయిదా అంటరు, మల్ల రమ్మంటరు. ఇంట్ల ఒక్కలకన్న తెలిసి ఉండాలె."

కాదనడానికి నా దగ్గర కారణం లేదు, అవుననడానికీ లేదు. లాసెట్ రాసి దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఒక లా కాలేజీలో చేరిన. సైకాలజీ దూరవిద్యలో కట్టిన. లా క్లాసులు పొద్దున ఉండేవి. సైకాలజీ క్లాసులు ఆదివారాలు. చర్చి టైమూ అదే. మమ్మీ బాధపడుతదేమో అనుకున్న గానీ, "క్లాసుల కూసున్నప్పుడన్న మనసుల ప్రార్థన చేస్కో" అని టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది.

రెండు పుస్తకాలూ ఒకే సంచిలో మోసేదాన్ని. పొద్దున నేరం అంటే ఏందో, దానికి చేసిన పనితో పాటు మనసు కూడా ఎట్ల ఉండాలెనో చదివేదాన్ని. సాయంత్రం మెట్రోలో అదే మనసు ఎన్ని విధాల మోసపోతదో చదివేదాన్ని. నాకు రెండూ ఇష్టమే. ఇష్టం అనే మాట ఎక్కువేమో. రెండిటినీ చదువుతుంటే ఇంకేమీ ఆలోచించే పని లేకుండె. మేము మొదటి సంవత్సరం కంఠస్థం చేసిన పాత శిక్షాస్మృతిని రెండో సంవత్సరం వచ్చేసరికి తీసేసి కొత్త చట్టం తెచ్చిన్రు. క్లాసంతా లబోదిబోమన్నది, చదివిన సెక్షన్ నంబర్లన్నీ వృథా అని. అన్న కేసు మాత్రం పాత నంబరు మీదనే నడుస్తుండె. నిర్లక్ష్యంతో మరణానికి కారణమగుట. ఆ నంబరు పరీక్షకు అక్కర్లేదని సారు పుస్తకంలో కొట్టేయించిండు. నేనూ స్కేలు పెట్టి కొట్టేసిన.

అదే సంవత్సరం ఒక ఆదివారం సైకాలజీ క్లాసులో జ్ఞాపకం గురించి పాఠం. పాఠం చెప్పే మేడం కోస్తా దిక్కు మనిషి, ఎవరినైనా 'అండి' అని పిలిచేది.

"పెన్నులు కింద పెట్టేయండి. నేను కొన్ని మాటలు చదువుతాను. ఊరికే వినండి, చాలు."

మంచం, దిండు, దుప్పటి, ఆవలింత, కల, దోమతెర, అలసట, జోలపాట... ఇట్ల నెమ్మదిగా చదివింది. తర్వాత వేరే ముచ్చట మాట్లాడి, కాసేపటికి గుర్తున్నవన్నీ రాయమన్నది. రాసినం.

"నిద్ర అని ఎంతమంది రాశారండి?"

క్లాసులో దాదాపు అందరి చేతులు లేచినయి. నాది కూడా.

"నేను ఆ మాట చదవలేదండి."

అందరూ నవ్విన్రు. ముందు బెంచీలో ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. "లేదు మేడం, మీరు చదివిన్రు. మీ గొంతు కూడ నాకు యాదికున్నది."

"నా గొంతు కూడా గుర్తుందా?" మేడం నవ్వలేదు. "మీరు అబద్ధం ఆడటం లేదండి. మీ మనసు ఖాళీని పూడ్చింది, అంతే. ఎక్కడి ముక్కో తెచ్చి ఇంకెక్కడో అతికిస్తుంది. అతుకు మనకి కనబడదు."

నోట్స్ రాసుకున్న. కింద గీత కూడా గీసిన. అప్పుడు ఏమీ అనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో సీటు దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో చానామంది దిగిపోయి, ఎల్‌బీ నగర్ పోయేటోళ్లం కొందరమే మిగిలినం. కిటికీ బయట చూస్తూ ఉత్తగనే, మేడం చెప్పింది పట్టుకొని, నా ట్యాంకర్‌ను ముందర పెట్టుకున్న. వెనుక భాగం. పగిలిన పసుపు లైటు. దుమ్ము మీద ఎవరో వేలితో గీసిన గీతలు. కింద వెనుక చక్రాల మధ్యన ముడుచుకొని పడుకున్న గోధుమరంగు కుక్క.

కుక్క.

రోడ్డు మీద నడుస్తున్న ట్యాంకర్ కింద కుక్క ఎట్ల పడుకుంటది?

అప్పుడు తెలిసింది. ప్రమాదమైన కొన్ని వారాలకు అన్న బండి విడిపించుకోవడానికి డాడీతో పోలీస్ స్టేషన్‌కు పోయిన. అక్కడ ఆవరణలో ఆ ట్యాంకర్ నిలబెట్టి ఉండె. ఇంజన్ ఆపిన బండికి లైటు ఎట్ల వెలుగుతది? నేను రెండేండ్లుగా అందరికీ చెప్తున్నది ఆ స్టేషన్లో చూసిన ట్యాంకర్ గురించి. రోడ్డు మీది ట్యాంకర్‌ను వెతుక్కున్న. ఎంత వెతికినా దొరకలేదు. మెట్రో ఆఖరి స్టేషన్లో ఆగింది. దిగి షేర్ ఆటో ఎక్కి ఇంటికి పోయిన. ఎవరికీ చెప్పలేదు.

లా కాలేజీలో సాక్ష్య చట్టం చెప్పే సారు కోర్టు నుంచి నేరుగా నల్లకోటుతోనే వచ్చేటోడు. సాక్షి తన కండ్లతో చూసిందే చెప్పాలె, విన్నది కాదు, అనుకున్నది కాదు అని బల్ల మీద కొట్టి చెప్పేటోడు. మాట మార్చే సాక్షులను ఆయన ఎట్ల ఉతికి ఆరేసిండో చెప్తుంటే క్లాసు నవ్వేది. "సార్, చూసిననని నమ్మి చెప్తే?" అని ఒకసారి అడిగిన. "నమ్మకం వేరే, చూపు వేరేనమ్మా" అన్నడు సారు. "నమ్మకమే సాక్ష్యమైతే జడ్జి ఎందుకు, పాస్టర్ చాలు." అందరితో పాటు నేనూ నవ్విన.

ఆ ఎండకాలం ముందర కోర్టు నుంచి సమన్లు వచ్చినయి. డాడీకి ఒకటి, నాకు ఒకటి. కానిస్టేబుల్ కర్రీ పాయింట్ దగ్గరికే తెచ్చి ఇచ్చి, మమ్మీ ఇచ్చిన చికెన్ కూర పొట్లం వద్దు వద్దు అంటనే తీసుకొని పోయిండు.

డాడీ ముఖం ఆ రోజు వెలిగింది. ఖాకీ చొక్కాకు కాకుండా తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేసుకున్నడు. సాయంత్రం మమ్మీ, నేను కూరలు కవర్లలో పోసి రబ్బరు బ్యాండ్లు వేస్తుంటే వచ్చి స్టూలు మీద కూర్చున్నడు.

"మన దిక్కు వాదించే సర్కారు వకీలు, పీపీ మేడంను కలిసిన. స్టేట్‌మెంట్ ఒక్కసారి చదువుకొమ్మన్నది నిన్ను. ఇండికేటర్ ముచ్చట గట్టిగ చెప్తే చాలంట."

చేతిలో ఉన్న పొట్లం ముడి వేసి పక్కన పెట్టిన. "డాడీ, ఇండికేటర్ సంగతి నేను చెప్పలేను."

"చెప్పలేను అంటే ఏంది?"

"నేను చూడలే."

"బండి మీద లేవా నువ్వు?"

"ఉన్న. గని చూడలే."

"రెండేండ్ల సంది వేయలేదని నువ్వే చెప్తున్నవ్ గద!"

"చెప్పిన. అట్లనే అనుకున్న. నా కండ్లల్ల ఉన్నది స్టేషన్ల చూసిన ట్యాంకర్ డాడీ. రోడ్డు మీదిది కాదు."

డాడీ నేను కట్టిన పొట్లాన్ని పక్కకు జరిపిండు. "ఆ సైకాలజీ ఏం నేర్పుతున్నదో నాకు తెల్వదు. నేను లా చదువుమన్న."

"లా గూడ అదే చెప్తది."

"మరి వానిది తప్పు కాకపోతే ఎవలది? చెప్పు. నీ అన్నదా?"

"నాకు తెల్వదు."

"తెల్వదు," అన్నడు డాడీ, నా మాటను తూచినట్టు. లేచి పోయిండు. మమ్మీ గిన్నె అడుగున మిగిలిన పప్పును గరిటెతో గీకుతూ ఉండిపోయింది.

కోర్టు ఎల్‌బీ నగర్‌లోనే. వాయిదా రోజు డాడీ, నేను ఒకే ఆటోలో పోయినం, మాట్లాడుకోకుండా. వరండా నిండ జనం. ఒక మూల గోడకు ఆనుకొని ఒక పెద్దాయన నిలబడి ఉన్నడు. సగం నెరిసిన గడ్డం, భుజం మీద తువాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. డాడీ అటు పోయినప్పుడల్లా ఆయన సర్దుకొని నిటారుగా నిలబడుతున్నడు. ఆయనే ట్యాంకర్ డ్రైవర్. నేను ఆయనను చూసుడు అదే మొదటిసారి. కోపం వస్తదేమో అని చూసుకున్న. రాలేదు. జాలి కూడా రాలేదు. ఆయన మడమలు పగిలి ఉన్నయని చూసిన.

ముందుగా డాడీని పిలిచిన్రు. నేను బయట కూర్చున్న. తర్వాత నన్ను పిలిచిన్రు. ప్రమాణం చేయించిన్రు. సాక్షి చెప్పింది జడ్జి గారు ఇంగ్లీషులోకి మార్చి చెప్తుంటే టైపిస్టు కొడుతున్నది. మేము క్లాసులో బెంచీలు జరిపి ఎన్నోసార్లు ఆడిన ఆటే. కానీ అక్కడ ఫ్యాన్ చప్పుడు ఎక్కువ ఉండె, గట్టిగా చెప్పమ్మా అని రెండుసార్లు అనిపించుకున్న.

పీపీ మేడం బండి మీద ఎక్కడికి పోతున్నరు, ఎవరు నడుపుతున్నరు అన్నీ అడిగింది. అన్నీ చెప్పిన. ట్యాంకర్ తగిలిందని చెప్పిన.

"డ్రైవర్ ట్యాంకర్‌ను ఎట్ల తిప్పిండు?"

"నాకు తెల్వదు మేడం. నేను చూడలేదు."

మేడం తల ఎత్తింది. కాగితం చూసింది, మళ్లీ నన్ను చూసింది. "ఇండికేటర్ వేసిండా, లేదా?"

"చూడలేదు."

మేడం ముఖంలో విసుగు కంటే అలసట ఎక్కువ కనబడ్డది. సాక్షి ఎదురు తిరిగింది కాబట్టి తానే ప్రశ్నించడానికి అనుమతి కావాలని అడిగింది. క్లాసులో మేము నవ్వుకునే 'హోస్టైల్' అనే ఆ మాట ఇప్పుడు నాకు పెట్టిన్రు. పోలీసులకు ఇట్ల ఇట్ల చెప్పినవు కదా అని చదివి వినిపించింది. అంత చెప్పినట్టు నాకు గుర్తు లేదని చెప్పిన. నిందితునితో కుమ్ముక్కై మాట మారుస్తున్నవా అని అడిగింది. అడగాలె, అది పద్ధతి. కాదని చెప్పిన. వెనుక బెంచీలో డాడీ తల వంచుకున్నడు.

జడ్జి గారు కండ్లద్దాలు తీసి నన్ను అడిగిండు. "మీరేం చేస్తుంటారమ్మా?"

"లా చదువుతున్న సార్, రెండో సంవత్సరం. సైకాలజీ కూడ చదువుతున్న."

"అయితే మీరు చెప్పేదానితో ఏమైతదో మీకు తెలుసు."

"తెలుసు సార్."

"ట్యాంకర్ చూడలేదంటున్నరు. మరి ఆ టైంలో మీరు ఏం చూస్తున్నరు?"

ఇంతవరకు నన్ను ఎవ్వరూ అది అడగలేదు. పోలీసులు, బంధువులు, డాడీ, ఎవ్వరూ.

"మా అన్న మెడ సార్. షర్ట్ కాలర్ వెనుక లేబుల్ బయటికొచ్చి ఉండె. లోపలికి పెడదామని చెయ్యి వేసిన. అంతే సార్, తర్వాత గడ్డిల ఉన్న."

జడ్జి గారు నేను చెప్పింది ఇంగ్లీషులో చెప్పిండు. ప్రమాద సమయంలో సాక్షి మృతుని చొక్కా కాలర్ సవరించుచుండెను అన్నట్టు. టైపిస్టు కొట్టింది. డ్రైవర్ తరఫు వకీలు సగం లేచి, అడిగేదేం లేదని కూర్చున్నడు. నన్ను పొమ్మన్నరు.

బయటికొచ్చి చూస్తే డాడీ లేడు. ఆయనకు స్కూల్ విడిచే టైం అయితున్నది, పిల్లలను దింపాలె. నేను మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ పోయి, మిర్చి బజ్జీ తిని, మధ్యాహ్నం పెట్టిన ఆస్తి బదిలీ చట్టం ప్రత్యేక క్లాసుకు హాజరైన. ఆ రోజు నోట్స్ ఇప్పటికీ నా దగ్గర ఉన్నది, దస్తూరి ఎక్కడా వంకర పోలేదు.

ఇంటికి పోయేసరికి మమ్మీ షట్టర్ సగం దించి లోపల ఒక్కతే కూర్చొని ఉన్నది. ఆ టైంలో దుకాణం మూసుడు ఎప్పుడూ లేదు.

"మీ డాడీ చెప్పిండు, లేబుల్ ముచ్చట," అన్నది. "ఏ షర్ట్ వేసుకున్నడు ఆ పొద్దు?"

"నీలం గీతలది."

"అది నేనే కొన్న, దిల్‌సుఖ్‌నగర్‌ల." మమ్మీ చేతులు చీర కొంగుకు తుడుచుకున్నది, తడి లేకున్నా. "లేబుల్ గుచ్చుతుంది, కత్తిరించు మమ్మీ అన్నడు. రేపు కత్తిరిస్తలే అని చెప్పిన."

నేను పక్కన కూర్చున్న.

"ఇంకేం చూసినవ్?"

"ఇంకేం లేదు మమ్మీ."

"గుర్తు చేసుకో. మెడ మీద ఏం లేకుండెనా? పౌడర్ కొట్టుకున్నడా?"

కొట్టుకున్నడు. చెమటకు గీతలుగా కరిగింది. కటింగ్ చేయించుకొని ఒకటి రెండు రోజులే అయ్యింది, కింద వెంట్రుకలు గరుకుగా ఉన్నయి. చెవి వెనుక సబ్బు నురగ ఎండిపోయి ఉన్నది. చెప్తుంటే ఒక్కొక్కటే వచ్చింది. వీటిల అతికించిన కుక్కలు, పగిలిన లైట్లు ఏం లేవు. మమ్మీ ఒక్కో మాట దగ్గర తల ఊపింది. "అవును, చెవులెనుక ఎన్నడూ సక్కగ కడుగడు," అన్నది. ఏడ్చింది, నవ్వింది కూడా. నాకు ఆకలైంది. మమ్మీనే లేచి అన్నం పెట్టింది.

డాడీ నాతో మాట్లాడుడు బంద్ చేసిండు. కొట్టలేదు, తిట్టలేదు. ఏదైనా చెప్పాలంటే మమ్మీతో చెప్పేటోడు, నేను అక్కడనే ఉన్నా సరే. "ఫీజు కట్టుడు ఎప్పుడంట అడుగు." "ఎండల పోతున్నది, నీళ్ల బాటిల్ పెట్టు." బాలాపూర్ గణేశుని లడ్డు వేలంపాట టీవీలో వస్తుంటే ప్రతి సంవత్సరం అన్నతో పందెం కాసేటోడు, పోయినేటి కంటే ఎక్కువ పోతదా తక్కువ పోతదా అని. ఆ ఏడు టీవీ ముందర కూర్చొని పాట అంతా అయ్యేదాకా కండ్లార్పకుండ చూసి, ఆపేసి పోయిండు. నేను వెనుక కుర్చీలో కూర్చొని కాంట్రాక్టు చట్టం చదువుకుంటున్న.

తప్పు చేసిననా అని నన్ను నేను అడుక్కోలేదు అంటే అబద్ధం. అడుక్కున్న. జవాబు ఎప్పుడూ ఒకటే వచ్చేది: నేను చూడలేదు. ఆ జవాబుతో నాకు సంతోషమూ లేదు, నిద్ర చెడుడూ లేదు. సైకాలజీ మేడంతో ఒక్కసారి, క్లాసు అయినంక, మెట్ల మీద ఈ సంగతంతా చెప్పిన. ఆమె ఆసాంతం విని, "మీకు ఎలా ఉందండి ఇప్పుడు?" అని అడిగింది.

"ఏం లేదు మేడం. మామూలుగానే ఉన్న."

"ఎప్పటి నుంచి మామూలుగా ఉన్నారు?"

"మా అన్న పోయినప్పటి నుంచి" అని చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "తొందరేం లేదండి," అన్నది. "రావలసినప్పుడు వస్తుంది. మీరు మాత్రం ఎవరినైనా కలవండి, నేను నంబర్ ఇస్తాను." ఇచ్చింది. కొన్నిసార్లు పోయిన కూడా. కూర్చొని మాట్లాడి వచ్చేదాన్ని.

తీర్పు వచ్చిన రోజు నాకు సైకాలజీ ప్రాక్టికల్ పరీక్ష. లోపలికి పిలిచేముందు కారిడార్లో నిలబడ్డ. ఫోన్ మోగింది. డాడీ. అన్ని నెలల తర్వాత ఆయన నంబరు స్క్రీన్ మీద చూసి మమ్మీకి ఏమన్న అయ్యిందేమో అనుకున్న.

"కొట్టేసిన్రు," అన్నడు. "కేసు."

"ఊ."

"వాడు నా దగ్గరికొచ్చిండు." వెనుక బస్సుల హారన్లు వినబడుతున్నయి. "కాళ్లు పట్టుకుంటడేమో అని ఎనక్కి జరిగిన. పట్టుకోలే. ఉత్తగ నిలబడ్డడు. నాకు ఏం మాట్లాడాల్నో తోచలే. లైసెన్స్ ఇస్తరా నీకు మల్ల అని అడిగిన. ఇస్తరంట. ఈ మూడేండ్లు ఇటుక బట్టీల పని చేసిండట. మల్ల బండి ఎక్కుతవా అంటే, స్టీరింగ్ పట్టుకోవాల్నంటే భయమైతున్నది అన్నడు."

ఆ హారన్లల్ల సరిగ్గా వినబడాలని నేను ఇంకో చెవి మూసుకున్న. డాడీ చెప్తనే ఉన్నడు.

"నేను అడిగిన. ఇండికేటర్ వేసినవా ఆ పొద్దు, నిజం చెప్పు, ఇప్పుడు కోర్టు లేదు ఏం లేదు అని. నాకే యాదికి లేదన్నా అన్నడు. రోజూ వేస్త, ఆ పొద్దు వేసిననో లేదో యాదికొస్తలేదు అన్నడు. నేను నమ్మిన. నేను బస్సు తోలేటోన్ని గద, నాకు తెలుసు. సాయంత్రానికి పొద్దున ఎక్కడ ఎక్కడ వేసిననో నన్ను అడిగితే నేను చెప్పలేను."

"డాడీ..."

"నువ్వు చెప్పింది తప్పు అంటలేను. సరే, నాకు టైమైతున్నది. పరీక్ష ఉన్నదట గద, మీ మమ్మీ చెప్పింది. మంచిగ రాయి."

ఫోన్ పెట్టేసిండు. లోపలికి పిలిచిన్రు. ఒక డిగ్రీ పిల్లను నా ముందర కూర్చోబెట్టిన్రు, ఆమె జ్ఞాపకశక్తిని పరీక్షించి రాయాలె. నేను మాటలు చదివిన, ఆమె తిరిగి చెప్పింది. ఆమె టెన్షన్ పడుతుంటే, పరీక్ష నీకు కాదమ్మా, నాకు అని చెప్పిన. ఇద్దరం నవ్వినం. మంచి మార్కులే వచ్చినయి.

రెండు చదువులూ అయిపోయినయి. మా ఇంట్లో ఇప్పుడు వాయిదా అంటే ఏందో తెలిసినోళ్లు ఉన్నరు, కానీ చూసుకోవాల్సిన కేసు లేదు. వకీలుగా పేరు నమోదు చేసుకున్న రోజు మమ్మీ దుకాణం బంద్ పెట్టి నాతో వచ్చింది. డాడీకి సెలవు దొరకలేదు. సాయంత్రం ఆయన బస్సు పెట్టి ఇంటికొచ్చి, ముఖం కడుక్కొని, కోటు వేసుకొని చూపియ్యమన్నడు. వేసుకొని ముందుగదిలో నిలబడ్డ. చుట్టూ తిరిగి చూసిండు.

"భుజాల కాడ వదులున్నది," అన్నడు.

మర్నాడు గల్లీలో టైలర్ దగ్గరికి పోయి కుట్టించుకున్న.